మత సంస్థలు నడిపే వృద్ధుల నివాసాలు: చేరే ముందు ఏం చూడాలి, ఏం అడగాలి

గౌతమి_తీరం
ఒక ధార్మిక ట్రస్టు గుడి ఆవరణలోనే నడుపుతున్న వృద్ధుల నివాసం పరిశీలనలో ఉంది. చేరేది భార్యాభర్తలు. ఆయనకు 83, షుగరుకు ఇన్సులిన్ తీసుకుంటారు, కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయి. ఆవిడకు 78, చేతికర్రతో నడుస్తారు. డిపాజిట్ 8 లక్షలు, ఇద్దరికీ కలిపి నెలకు 38 వేలు, ఇవి కాక "స్వచ్ఛంద విరాళం" 2 లక్షలు. సాత్విక భోజనం, రెండు పూటలా పూజ, వారానికి రెండుసార్లు డాక్టరు. పిల్లలు అమెరికాలో ఉంటారు. సంతకాలు పెట్టేలోపు ఏమేం అడగాలో, ఏమేం కళ్లారా చూడాలో తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

రాత్రి_డ్యూటీ
నర్సింగు వైపు నుంచి చెప్తాను. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మెలకువగా ఉండేవాళ్లు ఎంతమంది అన్నది మొట్టమొదట అడగండి. "మనుషులున్నారండీ" అంటే చాలదు. ఆయాలు ఎందరు, జీఎన్‌ఎం గానీ ఏఎన్‌ఎం గానీ (నర్సింగు కోర్సులు) చదివినవాళ్లు ఎవరు, అది మెలకువ డ్యూటీనా, పక్కగదిలో పడుకుని పిలిస్తే లేచే డ్యూటీనా?

ఎందుకంటే లెక్క ఇలా ఉంటుంది. మంచం దిగలేనివాళ్లు 10 మంది ఉన్నారనుకోండి. ప్రతి 2 గంటలకు ఒకసారి పక్క మార్చాలి. డైపరు చూసి, తుడిచి, తిప్పి, మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు సర్దడానికి ఒక్కొక్కరికి 10 నిమిషాలు పడుతుంది. పదిమందికి 100 నిమిషాలు. 120లో మిగిలేది 20 నిమిషాలే. ఆ 20 నిమిషాల్లోనే బాత్రూముకు లేచేవాళ్లను పట్టుకోవాలి, గంట కొట్టినవాళ్ల దగ్గరికి వెళ్లాలి. పైగా బరువైన మనిషిని ఒక్కరే తిప్పలేరు, లాగుతారు. లాగితే చర్మం దుప్పటికి రాసుకుని లేచిపోతుంది. అంటే పదిమందికి ఒక్క ఆయా ఉన్నచోట పుండు పడడం ఖాయం, ఆమె ఎంత మంచిదైనా సరే.

పుండు మొదట ఎరుపుగా మొదలవుతుంది: నడుము కింది ఎముక, తుంటి, మడమ. వేలితో నొక్కి వదిలినా తెల్లబడకపోతే అది మొదటి దశ. నల్లని ఒంటి మీద ఎరుపు కనిపించదు, చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో తగులుతుంది, చేత్తో చూడాలి. ఎయిర్ బెడ్ వేశాం కదా అని తిప్పడం మానేయకూడదు.

పక్క మార్చిన చార్టు అడిగి చూడండి. రాత్రంతా ఒకే పెన్ను, ఒకే చేతిరాత, 10, 12, 2, 4 అని తు.చ. తప్పకుండా ఉంటే అది పొద్దున్నే కూర్చుని ఒక్కసారే నింపిన కాగితం. నిజంగా రాసిన చార్టులో 10:20, 12:35 అని ఉంటాయి.

నల్లకోటు
ఒప్పందంలో నేను ముందు చదివేది చివరి పేజీలు. ఆరోగ్యం క్షీణిస్తే ఏం చేస్తారన్నది అక్కడే ఉంటుంది. చాలా నివాసాలు నడవగలిగినవాళ్లనే చేర్చుకుంటాయి. మంచాన పడితే, రైల్స్ ట్యూబు (ముక్కులోంచి ఆహారం పంపే గొట్టం) వేస్తే, మతిమరుపుతో బయటికి వెళ్లిపోతుంటే, ఆక్సిజన్ అవసరమైతే "బంధువులు తీసుకెళ్లాలి" అని ఒక్క వాక్యం ఉంటుంది. పిల్లలు అమెరికాలో ఉన్నప్పుడు ఆ ఒక్క వాక్యమే ఒప్పందమంతా. ఏ స్థితి దాకా ఉంచుకుంటారో పేరుపేరునా రాయించండి. పంపించేటప్పుడు ఎన్ని రోజుల నోటీసో కూడా.

ఇద్దరిలో ఒకరు పోతే గది మారుస్తారా, నెలసరి రుసుము ఎంతకు తగ్గుతుంది, డిపాజిట్ ఎవరి పేరుకు మారుతుంది? వెళ్లిపోతే డిపాజిట్ ఎన్నాళ్లలో తిరిగిస్తారు, దేనికి ఎంత పట్టుకుంటారు? "తదుపరి వ్యక్తి చేరిన తర్వాత చెల్లించబడును" అని ఉంటే గడువు లేనట్టే. 60 రోజులో 90 రోజులో, అంకె పెట్టించండి.

ఇల్లో పొలమో ట్రస్టుకు రాసిస్తే జీవితాంతం చూసుకుంటాం అనే పద్ధతీ ఉంది. తొందరపడి రిజిస్టరు చేయకండి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో 23వ సెక్షన్ కింద, కనీస వసతులు, అవసరాలు చూడాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే రద్దు చేయించుకోవచ్చు. కానీ షరతు ఉందని చూపించగలగాలి. కాబట్టి దస్తావేజులోనే రాయాలి: "నా భోజన వసతి, వైద్యం జీవితాంతం చూడాలన్న షరతుపై". భక్తితో ఇచ్చాం, నోటిమాట చాలు అనుకుంటే తర్వాత నిరూపించడం చాలా కష్టం.

లెక్కల_పద్దు
నల్లకోటు గారు వదిలేసిన డబ్బు సంగతులు నేను చెప్తాను.

నెలసరి ఏటా 8 శాతం పెరిగితే 9 ఏళ్లకు రెట్టింపు. ఈ 38 వేలు 76 వేలు అవుతుంది. ఆవిడకు అప్పటికి 87. గత 5 ఏళ్లలో ఏ ఏడు ఎంత పెంచారో కాగితం మీద అడగండి, పై పరిమితి ఒప్పందంలో పెట్టించండి.

జీఎస్టీ: ఆదాయపన్ను చట్టం కింద నమోదైన ధార్మిక సంస్థ నడిపే వృద్ధాశ్రమంలో 60 దాటినవారికి, వసతి, భోజనం, నిర్వహణ అన్నీ కలిపి ఒక్కొక్కరికి నెలకు 25 వేల దాకా మినహాయింపు ఉంది (2018 నుంచి). మీ కేసులో ఒక్కొక్కరికి 19 వేలు, ఇప్పటికి ఇబ్బంది లేదు. ఏటా 8 శాతం చొప్పున నాలుగోసారి పెంచేసరికి 25,800 దాటుతుంది. అప్పుడు పన్ను ఎవరు కట్టాలో ఇప్పుడే అడగండి.

ఇక ఆ 2 లక్షల "స్వచ్ఛంద విరాళం". అది కడితేనే గది అంటే స్వచ్ఛందం కాదు, ప్రవేశ రుసుము. దాన్ని 80జి (1961 ఆదాయపన్ను చట్టంలో విరాళాలకు మినహాయింపు ఇచ్చే సెక్షన్) విరాళంగా చూపించుకోవడం సరికాదు. నిజంగానే విరాళం ఇచ్చినా, నగదుగా 2,000 దాటితే 80జి కింద మినహాయింపు రాదు. బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

పిల్లలు అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే ఇంకో మెలిక. ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, వాళ్లు ట్రస్టుకు ఇచ్చే విరాళం విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు ఉండాలి, డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని దాని ఖాతాకే రావాలి. ఇండియా పాస్‌పోర్టుతోనే ఉండి సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపేవాళ్లకు ఈ బెడద లేదు. అన్నిటికంటే శుభ్రమైన దారి: పిల్లలు తల్లిదండ్రుల ఖాతాకు పంపడం, నెలసరి ఆ ఖాతా నుంచే వెళ్లేలా పెట్టడం.

వంటశాల
ఇన్సులిన్ వాడేవారు గుడి ఆవరణలో ఉంటే అన్నిటికంటే ముందు అడగాల్సింది: నైవేద్యం అయ్యాకే వడ్డిస్తారా? ఏడింటికి ఇన్సులిన్ వేసేస్తారు. ఆ రోజు అభిషేకం ఉంది, నైవేద్యం ఎనిమిదిన్నరకు అయింది. ఈలోగా షుగరు పడిపోతుంది. దీనికి ఒకటే నియమం: టిఫిను ప్లేటు కళ్లముందుకు వచ్చాకే సూది. లేదా మందు వేసుకునేవాళ్లకు నైవేద్యంతో సంబంధం లేకుండా విడిగా వండిపెట్టాలి. వంటాయనకు, నర్సుకు ఇద్దరికీ ఈ సంగతి తెలిసి ఉండాలి. ఒక్కరికే తెలిస్తే పండగరోజున తప్పుతుంది.

షుగరు 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే 108.

కిడ్నీ సమస్యకు "సాత్వికం" అన్న మాట సరిపోదు. ప్రసాదంగా వచ్చే కొబ్బరినీళ్లు, అరటిపండు, బత్తాయి, అన్నిట్లోనూ పొటాషియం ఎక్కువే. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. తీర్థం ఒక ఉద్ధరిణె తీసుకుంటే ఏమీ కాదు, రోజూ గ్లాసుడు కొబ్బరినీళ్లంటేనే ప్రమాదం. కూరగాయలు చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే కొంత తగ్గుతుంది. డాక్టరు చెప్తే ఆ పద్ధతిలో విడిగా వండుతారా అని అడగండి. ఉప్పు తగ్గించాలని బజారులో దొరికే తక్కువ సోడియం ఉప్పు తెచ్చిపెట్టకండి. వాటిలో చాలావరకు పొటాషియమే కలుపుతారు.

రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్లుంటే ఆకుకూర మానేయక్కర్లేదు, ప్రతివారం దాదాపు ఒకే మోతాదులో ఉండాలి. ఒక వారం తోటకూర రోజూ, మరో వారం అసలు లేకపోవడమే ఇబ్బంది. మింగడం కష్టమైనవాళ్లకు చలిమిడి, గారె, పొడి లడ్డు చేతికివ్వకండి. చక్కెర పొంగలి పలచగా చేసి, నిటారుగా కూర్చోబెట్టి చెంచాతో పెట్టాలి, తిన్నాక అరగంట పడుకోనివ్వకూడదు.

కార్తీక_దీపం
వంటశాల గారూ, అంతా బాగుంది కానీ ఒక మాట. అరవై ఏళ్లుగా ఏకాదశి, కార్తీక సోమవారాలు ఉపవాసం ఉన్న మనిషిని "షుగరు, తినాల్సిందే" అని కూర్చోబెడితే ఆ రోజంతా కుమిలిపోతారు. ఇలాంటి నివాసాలకు పెద్దలు వచ్చేదే ఆ నియమం సాగుతుందని. దాన్ని తీసేస్తే మామూలు హాస్టలుకూ దీనికీ తేడా ఏముంది?

వంటశాల
నిజమే కార్తీక_దీపం గారూ, తీసేయమని నేనూ అనను. కానీ ఉపవాసం సంగతి డాక్టరుకు వారం ముందే తెలియాలి. గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్ర, ఇన్సులిన్ ఆ రోజు ఎంత తగ్గించాలో ఆయన రాసివ్వాలి. కిడ్నీ బలహీనంగా ఉన్నవారిలో ఆ మాత్ర ప్రభావం ఎక్కువసేపు ఉంటుంది, సాయంత్రం తిన్నాక కూడా పడిపోవచ్చు. నీళ్లు మానకూడదు. పాలు, మజ్జిగ లాంటివి వేళకు పడేలా ఫలాహారం పద్ధతి పెట్టుకోవచ్చు, అదీ కిడ్నీ డాక్టరు చెప్పిన మోతాదులోనే. ఆ రోజు నాలుగుసార్లు వేలి పరీక్ష. 70 కిందికి వస్తే ఉపవాసం విడిచిపెట్టాలని ముందే ఆ పెద్దాయనతోనే ఒప్పించుకోవాలి, ఆ క్షణంలో వాదన పెట్టుకోకుండా. క్రైస్తవుల శ్రమల కాలానికీ ఇదే పద్ధతి. రంజాన్ ఉపవాసంలో పగలు నీళ్లు కూడా తాగరు కాబట్టి డాక్టరును ముందే అడగడం ఇంకా అవసరం.

మేస్త్రి_మాట
కట్టడం చూసేటప్పుడు టేపు పట్టుకెళ్లండి.

బాత్రూము తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి. లోపలికి తెరుచుకునే తలుపైతే, లోపల పడిన మనిషే తలుపుకు అడ్డం పడతారు, పగలగొడితే తప్ప వెళ్లలేరు. తలుపు వెడల్పు కనీసం 32 అంగుళాలు. కమోడు సీటు నేల నుంచి 17 నుంచి 19 అంగుళాలు, పక్కన కడ్డీ 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో. ఆ కడ్డీని ఊరికే చూడకండి, మీ బరువంతా వేసి లాగి చూడండి. టైలుకు చిన్న స్క్రూలతో బిగించినది ఊడొస్తుంది, గోడ ఇటుకలోకి యాంకర్ బోల్టు దిగాలి. పిలుపు గంట తాడు నేల దాకా వేలాడాలి. పడినవాళ్లకు నాలుగడుగుల ఎత్తున్న స్విచ్చి అందదు.

ర్యాంపు అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. 6 అంగుళాల గడపకు 6 అడుగులు. రెండడుగుల పలక వేసి ర్యాంపు అంటే చక్రాల కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. లిఫ్టులో స్ట్రెచరు పూర్తిగా పడుకోబెట్టినట్టే పట్టాలి. తుంటి విరిగిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి దించకూడదు.

జనరేటరు ఉందనే చెప్తారు. గదిలోని ప్లగ్గులకు ఆ లైను ఉందా, లైట్లు, ఫ్యాన్లకేనా? ఎయిర్ బెడ్ మోటారు, ఆక్సిజన్ యంత్రం ప్లగ్గు మీదే నడుస్తాయి.

గుడి ఆవరణ కాబట్టి ఇంకో రెండు. అభిషేకం నీళ్లు, దీపాల నూనె పడిన నాపరాయి మీద చేతికర్ర జారుతుంది. నీళ్లు పోయే వాలు, కడ్డీ ఉన్న దారి దర్శనానికి విడిగా ఉండాలి. రెండోది, ఎండాకాలం మధ్యాహ్నం రాతిపలకలు. షుగరుతో స్పర్శ తగ్గిన పాదాలకు కాలిన సంగతి తెలియదు, బొబ్బ లేచాక చూసుకుంటారు, అది మానదు. పట్టా పరిచిన దారి, లేకుంటే గుడిలోకి అనుమతించే గుడ్డ మేజోళ్లు.

రాత్రి_డ్యూటీ
మేస్త్రి గారి మాటకు తోడు: ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్ల దగ్గర హారతి, అగరువత్తి, కొవ్వొత్తి వద్దు. ఆక్సిజన్ బట్టల్లో, జుట్టులో నిలిచి ఉంటుంది, నిప్పు క్షణాల్లో అంటుకుంటుంది. కనీసం పది అడుగుల దూరం. హారతి కళ్లకద్దుకోవడానికి పళ్లెం గదిలోకి తెచ్చే అలవాటున్న చోట దీన్ని తలుపు మీదే రాసి పెట్టాలి.

సేవకు వచ్చే వాలంటీర్ల గురించి కూడా. భజన పాడొచ్చు, పేపరు చదవొచ్చు, కబుర్లు చెప్పొచ్చు, అవన్నీ మందులాంటివే. ఎత్తి కూర్చోబెట్టడం, మింగలేనివాళ్లకు తినిపించడం, మందులు ఇవ్వడం మాత్రం శిక్షణ పొందిన సిబ్బందే చేయాలి.

పక్షవాతం మాట: రక్తపు గడ్డ కరిగించే మందు లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపు ఇవ్వాలి. ఆసుపత్రిలో అడిగేది "చివరిసారి మామూలుగా ఎప్పుడు చూశారు" అని. రాత్రి పదింటికి చూసి మళ్లీ ఆరింటికి చూస్తే ఆ అవకాశం పోయినట్టే. స్కాన్, న్యూరాలజీ ఉన్న ఆసుపత్రి ఎంత దూరమో పగటి ట్రాఫిక్‌లో ఒకసారి వెళ్లి చూడండి.

గంటస్తంభం
క్రైస్తవ సంస్థల వైపు నుంచి. అన్నీ డిపాజిట్ పద్ధతిలో ఉండవు. సికింద్రాబాదులో లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ కన్యస్త్రీల ఆశ్రమం ఉంది. 1839లో ఫ్రాన్సులో జాన్ జుగాన్ మొదలుపెట్టిన సంఘం అది, 2009లో ఆమెకు పునీత హోదా ఇచ్చారు. పేద వృద్ధులను మతం చూడకుండా చేర్చుకుంటారు. విరాళాలు, ఇంటింటా సేకరించిన సరుకులతో నడుపుతారు. నెలకు 38 వేలు కట్టగలిగినవాళ్ల కోసం కాదది, ఎవరూ లేని, ఏమీ లేనివాళ్ల కోసం. ఆ తేడా తెలియక దరఖాస్తు పెట్టేవాళ్లున్నారు, అందుకే చెప్తున్నాను.

ఏ మతం వారి నివాసమైనా అడగాల్సినవి: ప్రార్థనకు రాకపోతే ఏమైనా అంటారా? వేరే మతం మనిషి తన గదిలో తన పటం పెట్టుకోవచ్చా? మంచం మీద ఉన్నవారికి దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర రొట్టె) గదికి తెస్తారా? మింగడం కష్టమైనవాళ్లకు చిన్న తునక ఇవ్వొచ్చు, అదీ నర్సును అడిగాకే. వ్యాధిగ్రస్తుల అభ్యంగనానికి (రోగికి పవిత్ర తైలం పూసి చేసే ప్రార్థనకు) గురువు రాత్రి పిలిస్తే వస్తారా? రాత్రి ఆయాకు తెలుగు వచ్చా? మతిమరుపు ముదిరినవాళ్లు తర్వాత నేర్చిన భాషలు వదిలి అమ్మభాషకు వెళ్లిపోతారు. చిన్నప్పటి కీర్తన, సుప్రభాతం మాత్రం చాలాకాలం నిలుస్తాయి. సాయంత్రం ఆందోళన మొదలయ్యే వేళకు అవి పాడించే చోట చాలామంది నెమ్మదిస్తారు.

కార్తీక_దీపం
కాశీవాసం గురించి అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి: కాశీలో ఆంధ్రుల ఆశ్రమాలు, సత్రాలు యాత్రకూ, తొమ్మిది రాత్రుల నిద్రకూ. నర్సింగు, ఆయాలు ఉన్న నివాసంతో దాన్ని కలపొద్దు. సహాయం లేకుండా లేవలేని మనిషిని అక్కడ ఒంటరిగా దించకూడదు.

నల్లకోటు
ఇంకో మూడు కాగితాలు.

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చాం, ఇక ఫర్వాలేదు అనుకుంటారు. ఇచ్చినవారు మతిస్థిమితం కోల్పోతే అది రద్దయిపోతుంది, సరిగ్గా అవసరమైన రోజునే. అందుకే నెలసరి వెళ్లే ఖాతాను ముందే "ఇద్దరిలో ఎవరైనా" పద్ధతిలో జాయింటుగా పెట్టుకోండి.

రెండోది, వెంటిలేటరు వద్దు, ఐసీయూలో పొడిగించవద్దు అనుకునేవాళ్లు ముందస్తు వైద్య నిర్దేశం రాసుకోవచ్చు. 2018లో సుప్రీంకోర్టు అంగీకరించింది, 2023 జనవరిలో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షుల సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. నిర్ణయం చెప్పే బంధువుల పేర్లు అందులో రాయాలి. ఒక ప్రతి నివాసం ఫైల్లో ఉండాలి. బీరువాలో ఉంటే రాత్రి రెండింటికి పనికిరాదు.

మూడోది మరణం. నివాసంలో పోతే కారణం ధ్రువీకరించి సంతకం పెట్టే డాక్టరు ఎవరు, 21 రోజుల్లోపు నమోదు ఎవరు చేయిస్తారు, పిల్లలు వచ్చేదాకా ఫ్రీజర్ బాక్సు ఎక్కడినుంచి వస్తుంది, రాలేకపోతే కర్మ ఎవరి చేత చేయించాలి. ఇవన్నీ ఆ పెద్దాయననే అడిగి రాయించండి. చాలామంది పెద్దలు ఈ మాట ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తుంటారు.

నివాసం మీద ఫిర్యాదు ఉంటే పెద్దల సహాయవాణి 14567, కలెక్టరేటులో వృద్ధుల సంక్షేమ శాఖ.

లెక్కల_పద్దు
మరచిపోయాను. ఆయనకు పింఛను ఉంటే జీవన ప్రమాణ పత్రం నవంబరులో ఇవ్వాలి, 80 దాటిన కేంద్ర పింఛనుదారులకు అక్టోబరు 1 నుంచే అవకాశం. వేలిముద్రలు అరిగిపోతే ఫోన్లో ముఖం చూపించి ఇవ్వొచ్చు, ఆఫీసులో ఆ సాయం చేసేవాళ్లున్నారా చూడండి. 70 దాటినవారికి ఆయుష్మాన్ వయో వందన కార్డు కింద ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా ఆసుపత్రి చికిత్స ఉంది. అది ఆసుపత్రిలో చేరినప్పుడే, నివాసం నెలసరికి, ఆయా ఖర్చుకు వర్తించదు.

గౌతమి_తీరం
అందరికీ ధన్యవాదాలు. రాత్రి సిబ్బంది సంఖ్య, పంపించేసే షరతు, నైవేద్యానికి ముందు భోజనం, ఈ మూడూ రాతపూర్వకంగా అడుగుతున్నాం. నచ్చితే ముందు 15 రోజులు అతిథిగా ఉండనిస్తామన్నారు. ఆ 15 రోజుల్లో ఏం గమనించాలి?

రాత్రి_డ్యూటీ
మందులు సరిగ్గా లెక్కపెట్టి ఇవ్వండి, 20 రోజులవి. పదిహేనో రోజున ఎన్ని మిగిలాయో స్ట్రిప్పులు లెక్కేయండి. ఐదు రోజులవే మిగిలితే సరే, ఎక్కువైనా తక్కువైనా ఏ మాత్రలో తేడా వచ్చిందో చూడండి. మొదటిరోజు, చివరిరోజు బరువు తూచండి. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర దురద, చిన్న గింజలు కనిపిస్తే గజ్జి అనుకుని డాక్టరుకు చూపించండి. కలిసి ఉండే చోట అది ఒక్కరికి మందు రాస్తే పోదు. గదిలోవాళ్లకు, ఆయాలకు అందరికీ ఒకేరోజు పర్మెత్రిన్ పూతమందు ఒంటికి రాయించి, వారం దాటాక డాక్టరు చెప్పిన రోజున మళ్లీ రాసి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి.

ఒకరోజు చెప్పకుండా రాత్రి ఎనిమిదింటికి వెళ్లండి, ఇంకోరోజు ఉదయం ఐదున్నరకు. వీలైతే ఆదివారం. మధ్యాహ్నం పదకొండింటికి ఏ నివాసమైనా బాగానే ఉంటుంది.

వంటశాల
పండగరోజు ఒకటి ఆ 15 రోజుల్లో పడేలా చూసుకోండి. ఆ రోజు ఆయన ప్లేటు ఎన్నింటికి వచ్చింది, సూది ఎన్నింటికి పడింది, రెండు సమయాలూ రాసుకోమని ఆవిడకు చెప్పండి.

గౌతమి_తీరం
ఏకాదశి ఒకటి వస్తోంది అందులో. ఆవిడకు చిన్న నోటుపుస్తకం ఇచ్చి పంపిస్తున్నాం.